మెర్సీబీట్: లివర్‌పూల్ కుర్రకారు సాయంత్రాలు

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలోనూ, మెర్సీ నదికి రెండు ఒడ్డులా ఉన్న పట్టణాల్లోనూ 1950ల చివర పుట్టి 1964 నాటికి ప్రపంచమంతా పాకిన గిటార్ బ్యాండ్ల సంగీతానికి మెర్సీబీట్ అని పేరు. ఇద్దరు గిటారిస్టులు, ఒక బేస్ గిటార్, డ్రమ్ములు, వాయించేవాళ్లే గొంతు కలిపి పాడడం దీని స్థూలరూపం. బీటిల్స్ ఈ గుంపులోంచే వచ్చారు కాబట్టి చాలా పుస్తకాలు మెర్సీబీట్‌ను వాళ్ల చరిత్రకు ముందుమాటగా రెండు పేజీల్లో ముగిస్తాయి. ఇది తలకిందుల చూపు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో వందలకొద్దీ బ్యాండ్లుండేవి. వాటిలో చాలావాటికి ఒక్క రికార్డూ లేదు. అవి వాయించిన నేలమాళిగలు, చర్చి హాళ్లు, కాఫీ బార్లు, వాటిని కిక్కిరిసి నింపిన పదిహేను నుంచి ఇరవై ఏళ్ల పిల్లలు లేకపోతే బీటిల్స్ కూడా లేరు. అందుకే ఈ వ్యాసం ఎక్కువగా ఆ పిల్లల సాయంత్రాల గురించే.

ఇంకో మాట. రాత్రి జీవితం అనగానే మనకు మద్యం, తెల్లవారుజాము తోస్తాయి. ఇక్కడ రెండూ దాదాపు లేవు. పద్దెనిమిది నిండనివాళ్లకు పబ్బుల్లో మద్యం అమ్మకూడదు. అందువల్ల ఈ కుర్రకారు చేరిన చోట్లు కాఫీ, కోకాకోలా, సూపు అమ్ముకునే చోట్లు. ఆటపాటలు చివరి బస్సు వేళకు ముగిసేవి.

డబ్బు, తీరిక, గిటార్

అప్పట్లో బ్రిటన్‌లో పదిహేనో ఏటనే బడి మానెయ్యవచ్చు. లివర్‌పూల్ రేవు పట్టణం. రేవులోనో, ఫ్యాక్టరీలోనో, ఓడల కంపెనీ ఆఫీసులోనో, కొట్లోనో ఏదో ఒక పని దొరికేది. ఇంట్లో కొంత ఇచ్చినా జేబులో నాలుగు షిల్లింగులు మిగిలేవి. 1959లో మార్క్ ఏబ్రమ్స్ ప్రచురించిన ‘ద టీనేజ్ కన్స్యూమర్’ అనే అధ్యయనం, యువతరం నిజ ఆదాయం యుద్ధానికి ముందుకంటే సగం మేర పెరిగిందని లెక్కగట్టింది. వ్యాపారులు ఆ వయసువాళ్లను ప్రత్యేకమైన ఖాతాదారులుగా చూడడం ఆ దశకంలోనే స్థిరపడింది.

రెండో కారణం సైన్యం. ఆరోగ్యంగా ఉన్న ప్రతి యువకుడూ రెండేళ్లు తప్పనిసరిగా సైన్యంలో పనిచెయ్యాలన్న చట్టం ఆ దేశంలో ఉండేది. 1939 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లను పిలవకుండానే దాన్ని ఎత్తేశారు. బీటిల్స్‌లోని జాన్ లెన్నన్, రింగో స్టార్ ఇద్దరూ 1940లో పుట్టారు. రెండేళ్లు ముందు పుట్టి ఉంటే, బ్యాండ్లు కుదురుకునే వయసులో వాళ్ల సభ్యులు తలో పటాలంలో ఉండేవాళ్లు. మెర్సీబీట్‌కు చెప్పే కారణాలన్నిటిలో నాకు బలంగా కనిపించేది ఇదే.

ఇక వాయిద్యాలు. 1956లో లానీ డోనెగన్ పాడిన ‘రాక్ ఐలండ్ లైన్’ హిట్టయ్యాక దేశమంతా స్కిఫిల్ పిచ్చి పట్టింది. చవక గిటార్ ఒకటి, బట్టలుతికే గరుకు రేకు ఒకటి, టీ ఆకు దిగుమతయ్యే చెక్కపెట్టెకు చీపురుకర్రా తాడూ కట్టి చేసిన బేస్ ఒకటి ఉంటే బ్యాండు సిద్ధం. సంగీతం నేర్చుకోనక్కర్లేదు. 1957 జులై 6న వూల్టన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి ఉత్సవంలో వాయించిన లెన్నన్ బృందం క్వారీమెన్ (తర్వాతి బీటిల్స్) అలాంటి గుంపే. పాల్ మెకార్ట్నీ లెన్నన్‌ను మొదటిసారి కలిసింది ఆ రోజే.

స్కిఫిల్ మోజు తగ్గాక చేతిలో ఉన్న గిటార్‌కు కరెంటు కావలసి వచ్చింది. అమెరికన్ గిటార్ల దిగుమతిపై 1959 దాకా ఆంక్షలుండేవి. దాంతో పిల్లలు జర్మనీ హాఫ్నర్లతోనో, చెకొస్లొవాకియా ఫ్యూచురామాలతోనో సరిపెట్టుకున్నారు. స్టాన్లీ స్ట్రీట్‌లోని ఫ్రాంక్ హెస్సీ దుకాణం వీటిని వాయిదాల మీద ఇచ్చేది. ఇరవై ఒకటి నిండనివాళ్ల సంతకం చెల్లదు కాబట్టి తండ్రో, తల్లో, పెంచిన పిన్నమ్మో జామీను సంతకం పెట్టాలి. ప్రతి బ్యాండు వెనకా వారం వారం వాయిదా కట్టే ఒక ఇల్లుండేదంటే అతిశయోక్తి కాదు. బ్రయన్ ఎప్‌స్టీన్ బీటిల్స్‌కు మేనేజర్ అయ్యాక చేసిన తొలి పనుల్లో ఒకటి హెస్సీ దగ్గర వాళ్ల బాకీ తీర్చడం.

న్యూయార్కు వెళ్లే కునార్డ్ ఓడల్లో పనిచేసే కళాసీలు అమెరికన్ రికార్డులు తెచ్చి తమ్ముళ్లకు ఇచ్చారనీ, ఆ పాటల వల్లే లివర్‌పూల్ మిగతా ఊళ్లకంటే ముందుందనీ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. కళాసీలు సూట్లు, రికార్డులు, అప్పుడప్పుడు గిటార్లు తెచ్చినమాట నిజమే. కానీ ఆనాటి బ్యాండ్లు వాయించిన పాటల్లో చాలా భాగం బ్రిటన్‌లో విడుదలైన రికార్డుల్లోనే దొరికేవి. ‘మెర్సీ బీట్’ పత్రిక నడిపిన, ఆ కాలానికి దగ్గరి సాక్షి అయిన బిల్ హ్యారీ ఈ కథను ఒప్పుకోడు. ఎప్‌స్టీన్ కుటుంబం నడిపిన నెమ్స్ దుకాణంలో రికార్డుల అరలు వెతికి, ఎవరికీ పట్టని వెనకవైపు పాట ఏరుకుని, పక్క బ్యాండు నేర్చుకోకముందే వేదికెక్కించడమే అసలు పోటీ.

మోనా బెస్ట్ నేలమాళిగ

ఈ కథకు మన వైపు ఒక నిజమైన ముడి ఉంది. మోనా బెస్ట్ ఢిల్లీలో పుట్టింది. ఆమె కొడుకు పీట్ 1941 నవంబరు 24న మద్రాసులో పుట్టాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా ఆనాడు రాజధాని ఆ ఊరే. యుద్ధం ముగిశాక 1945 చివర కుటుంబం ఓడెక్కి లివర్‌పూల్ చేరింది. 1954లో మోనా తన నగలు కుదువబెట్టి, డెర్బీ పందెంలో ‘నెవర్ సే డై’ అనే గుర్రం మీద కాసింది. ఒకటికి ముప్ఫై మూడు చొప్పున గెలిచింది. ఆ డబ్బు వెస్ట్ డెర్బీ ప్రాంతంలో పెద్ద ఇల్లు కొనడానికి తోడ్పడింది. కుటుంబం చెప్పుకునే కథ ఇదే.

ఆ ఇంటి నేలమాళిగను ఆమె కొడుకుల కోసం, వాళ్ల స్నేహితుల కోసం కాఫీ క్లబ్బుగా మార్చింది. పేరు కాస్బా. 1959 ఆగస్టు 29న తెరిచారు. తొలి రాత్రి వాయించిన క్వారీమెన్ అంతకుముందు కొన్ని రోజులు అక్కడ రంగుల పనిలో చెయ్యి వేశారు. ఒక గది కప్పు మీద పాల్ ఇంద్రధనుస్సు పట్టీలు వేశాడు. సభ్యత్వం అరక్రౌను, అంటే రెండున్నర షిల్లింగులు. కాఫీ యంత్రం బుసలు కొడుతుంటే గదిగదికీ పిల్లలు ఇరుక్కుని నిలబడేవాళ్లు. ఒక గృహిణి సొంత ఇంట్లో, తన కళ్లెదుట, ఊరి కుర్రకారుకు చోటివ్వడం ఆ కాలానికి మామూలు విషయం కాదు. పోకిరి వేషాలు వేస్తే ఆమే మెడపట్టి బయటికి నెట్టేది. పీట్ తర్వాత బీటిల్స్‌లో డ్రమ్మర్ అయ్యాడు. 1962 ఆగస్టులో రికార్డుల ముంగిట్లో అతణ్ణి తీసేసి రింగోను తెచ్చుకున్నారు. మోనా ఆ జూన్‌లోనే కాస్బా మూసేసింది.

ఊరి నడిబొడ్డున, స్లేటర్ స్ట్రీట్‌లో, అలన్ విలియమ్స్ నడిపిన జాకరండా కాఫీ బారుది వేరే తరహా. ఆర్ట్ కాలేజీ విద్యార్థులు, పనిలేని గిటారిస్టులు రోజంతా అక్కడే తిరిగేవాళ్లు. దాని నేలమాళిగలో కరీబియన్ స్టీల్ బ్యాండు వాయించేది. విలియమ్స్‌కు మాట నేర్పు ఎక్కువ, లెక్క తక్కువ. 1960 మే 3న లివర్‌పూల్ స్టేడియంలో అమెరికన్ రాక్ గాయకులు జీన్ విన్సెంట్, ఎడ్డీ కోక్రన్‌లతో కచేరీ ప్రకటించాడు. ఏప్రిల్ 17న కోక్రన్ కారు ప్రమాదంలో చనిపోయాడు. ఖాళీ నింపడానికి రోరీ స్టార్మ్, జెర్రీ అండ్ ద పేస్‌మేకర్స్, క్యాస్ అండ్ ద కసనోవాస్ వంటి స్థానిక బ్యాండ్లను వేదికెక్కించాడు. మాకూ ఇలాంటి కుర్రాళ్లున్నారని ఊరికి తెలిసింది ఆ రాత్రి.

కావెర్న్

మాథ్యూ స్ట్రీట్ పది నంబరు కట్టడం పళ్ల గోదాము. దాని కింద మూడు ఇటుక కమానుల నేలమాళిగ. ప్యారిస్‌లో చూసిన ఒక జాజ్ క్లబ్బు నచ్చి అలన్ సిట్నర్ 1957 జనవరి 16న దీన్ని కావెర్న్ క్లబ్బుగా తెరిచాడు. అది జాజ్ వినేవాళ్ల కోట. రాక్ అంటే వాళ్లకు గిట్టదు. ఆ ఆగస్టులో క్వారీమెన్ రాక్ మొదలెడితే, యజమాని ఆపమని చీటీ పంపాడు. 1960 జనవరిలో రోరీ స్టార్మ్ బృందం అదే పని చేస్తే శ్రోతలు చిల్లర నాణేలు విసిరారు. కొత్త యజమాని రే మెక్‌ఫాల్ జరిమానా వేశాడు. అదే మెక్‌ఫాల్ అయిదు నెలలు తిరక్కుండానే, జాజ్‌కు జనం పల్చబడడం చూసి, మే 25న తొలి బీట్ రాత్రి పెట్టాడు. వ్యాపారికి అభిరుచికంటే గల్లాపెట్టె ముఖ్యం. ఆ సంగీతం బతికింది దానివల్లే.

పద్దెనిమిది రాతి మెట్లు దిగితే కావెర్న్. గాలి దారి లేదు. జ్ఞాపకాలు రాసినవాళ్లంతా ముందు చెప్పేది వాసన గురించే: పక్క గోదాముల్లో మాగిన పళ్లు, ఫినాయిలు, చెమట, సిగరెట్ పొగ, మరుగుదొడ్లు, హాట్‌డాగులు. అదంతా బట్టలకు పట్టి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు మీరెక్కణ్ణుంచి వస్తున్నారో చెప్పేసేదట. జనం ఊపిరి ఆవిరై గోడల మీద నీరు కారేది. కప్పు సున్నం పెచ్చులుగా తల మీద రాలేది. తేమకు యాంప్లిఫయర్లు ఆగిపోయేవి. అలాంటప్పుడు బ్యాండు ఊరుకుంటే పని జరగదు. జోకులు వెయ్యాలి, కరెంటు లేకుండా పాడాలి, ముందు వరస అమ్మాయిలతో మాట కలపాలి. బీటిల్స్ విలేఖరుల ముందు చూపిన చమత్కారమంతా ఈ ఫ్యూజు పోయిన నిమిషాల్లో నేర్చుకున్నదే అనిపిస్తుంది. చోటు చాలక, చేతులు కట్టేసుకున్నట్టు నిలబడి కాళ్లతోనే ఆడే ‘కావెర్న్ స్టాంప్’ అనే నాట్యం కూడా అక్కడే పుట్టింది.

కావెర్న్ ప్రత్యేకత మధ్యాహ్నం. పన్నెండుకు మొదలై రెండు దాటేదాకా సాగే కచేరీకి సభ్యులు ఒక షిల్లింగు చెల్లించేవాళ్లు. టైపిస్టులు, గుమాస్తాలు, కొట్లలో అమ్మే అమ్మాయిలు భోజన విరామంలో వచ్చి, సూపూ రొట్టే తిని, నాలుగు పాటలు విని పనికి పరిగెత్తేవాళ్లు. రాత్రి బయటికి పంపని ఇళ్ల అమ్మాయిలకు ఇది దారి చూపింది. బీటిల్స్ ఆ పేరుతో ఇక్కడ మొదట వాయించింది 1961 ఫిబ్రవరి 9న, మధ్యాహ్న కచేరీలోనే. ఎప్‌స్టీన్ ఆ నవంబరు 9న మెట్లు దిగి చూసిందీ మధ్యాహ్నమే. 1963 ఆగస్టు 3 దాకా వాళ్లు ఇక్కడ 292 సార్లు వాయించారన్న లెక్క ప్రచారంలో ఉంది. ఆ అంకె మీద పరిశోధకులకు ఇంకా తగాదా తెగలేదు.

బ్యాండ్లను పరిచయం చేసే బాబ్ వూలర్ గార్‌స్టన్ రేవులో రైల్వే గుమాస్తాగా పనిచేసినవాడు. తన దగ్గరున్న అరుదైన రికార్డులు బ్యాండ్లకు వినిపించి పాటలు ఎక్కించేవాడు. పత్రికలు ఎప్‌స్టీన్‌కు ఇచ్చిన చోటులో పదోవంతు ఇతనికివ్వలేదు.

హాళ్లు, తగాదాలు, చివరి బస్సు

కావెర్న్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. లిథర్లండ్ టౌన్‌హాల్, ఐంట్రీ ఇన్‌స్టిట్యూట్, క్రాస్బీలో సెయింట్ లూక్స్ హాల్, టెంపుల్ స్ట్రీట్‌లో ఐరన్ డోర్ క్లబ్బు, ఇంకా లెక్కలేనన్ని చర్చి హాళ్లు. శుక్ర, శని రాత్రుల్లో హాలు అద్దెకు తీసుకుని, గోడపత్రికలు అంటించి, రెండు మూడు బ్యాండ్లను తెచ్చే మనుషులుండేవాళ్లు. మన పల్లెల్లో పద్యనాటకాలు ఆడించిన కాంట్రాక్టర్ల లాంటివాళ్లే: కొందరు మాట మీద నిలబడేవాళ్లు, కొందరు వసూళ్లు తక్కువని బ్యాండుకు చెయ్యి చూపేవాళ్లు. వాళ్లలో శామ్ లీచ్‌ది పెద్ద చెయ్యి. 1961 నవంబరు 10న నది అవతల న్యూ బ్రైటన్‌లోని టవర్ బాల్‌రూమ్‌లో అయిదు బ్యాండ్లతో ‘ఆపరేషన్ బిగ్ బీట్’ పెట్టి వేలమందిని రప్పించాడు.

శివారు హాళ్లలో తన్నులాటలు మామూలు. పొడవు కోటు, ఇరుకు ప్యాంటు టెడ్డీ బాయ్ మూకలు పేటలవారీగా చీలి ఉండేవి. పక్క పేట అమ్మాయితో ఆడితే చాలు, కుర్చీలు లేచేవి. బ్యాండువాళ్లకు కూడా తగిలేది. అమ్మాయిలు వేదిక మీదివాళ్లను చూసి కేకలు పెట్టడం వాళ్ల మగస్నేహితులకు నచ్చేది కాదు మరి. తీపి జ్ఞాపకాల్లో ఈ భాగం చాలాసార్లు జారిపోతుంది.

కచేరీ ముగిశాక పరుగే. నది అవతలివాళ్లకు పడవ, మిగతావాళ్లకు బస్సు. తప్పితే నడక. డ్రమ్ములు బస్సులో ఎక్కించనివ్వని కండక్టర్లతో వాదన. వ్యాను ఉన్న స్నేహితుడికి బ్యాండులో సభ్యుడితో సమానమైన గౌరవం దొరకడంలో వింతేమీ లేదు. వేసవిలో ‘రాయల్ ఐరిస్’ అనే పడవ మీద నదిలో తిరుగుతూ కచేరీలు చేసేవాళ్లు.

మెర్సీ బీట్ పత్రిక

1961 జులై 6న ఆర్ట్ కాలేజీ విద్యార్థి బిల్ హ్యారీ అప్పు తెచ్చిన 50 పౌన్లతో, రెన్‌షా స్ట్రీట్‌లో వైన్ వ్యాపారి కొట్టు పైన అటక గదిలోంచి ‘మెర్సీ బీట్’ పత్రిక మొదలుపెట్టాడు. స్నేహితురాలు వర్జీనియా తోడు. వెల మూడు పెన్నీలు. అచ్చువేసిన 5,000 ప్రతులూ అమ్ముడయ్యాయి. ఏ హాల్లో ఎవరు వాయిస్తున్నారో ఒక్కచోట కనబడడంతో విడివిడి పేటలు మొదటిసారి ఒకే లోకంగా మారాయి. 1962 జనవరిలో పాఠకుల ఓట్లు లెక్కిస్తే బీటిల్స్ మొదట వచ్చారు. నిజానికి రోరీ స్టార్మ్‌కే ఎక్కువ పడ్డాయనీ, వాటిలో ఒక కట్ట మొత్తం ఒకే ఆకుపచ్చ సిరాతో ఉండడంతో పక్కన పెట్టామనీ హ్యారీ తర్వాత చెప్పాడు. రోరీ లాంటి మనిషి అలా చేసి ఉంటాడనడంలో ఎవరికీ సందేహం కలగలేదు. మాట్లాడితే నత్తి, పాడితే నత్తి లేదు. అవకాశం దొరికితే వేదిక పక్క స్తంభాలెక్కి పాడేవాడు. వాళ్ల బృందం డ్రమ్మరే రింగో.

ఈ బ్యాండ్ల హాంబర్గ్ రోజుల గురించి ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఇక్కడ క్లుప్తంగా. 1960 వేసవిలో విలియమ్స్ ముందు డెర్రీ అండ్ ద సీనియర్స్‌ను, తర్వాత బీటిల్స్‌ను ఆ జర్మన్ రేవుకు పంపాడు. అక్కడి బార్లలో రాత్రంతా వాయించాలి. ఊరికి తిరిగొచ్చినప్పుడు వాళ్ల వాయిద్యంలో దమ్ము ఎవరికైనా తెలిసేది. డిసెంబరు 27న లిథర్లండ్ టౌన్‌హాల్లో వీళ్లను విన్నవాళ్లు ఆట ఆపి వేదిక దగ్గరికి ఉరికారు. గోడపత్రికలో హాంబర్గ్ పేరు చూసి కుర్రాళ్లు జర్మన్లనుకున్నవాళ్లూ ఉన్నారు.

వెలుగు పడనివాళ్లు

వేదిక మీద ఆడవాళ్లు తక్కువ. టైపిస్టుగా పనిచేస్తూ కావెర్న్‌లో కోట్లు భద్రపరిచే చోట నిలబడ్డ సిల్లా బ్లాక్, 1964లో పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆమెకంటే గట్టి గొంతని చాలామంది చెప్పే బెరిల్ మార్స్‌డెన్‌కు ఆ అదృష్టం లేదు. 1963లో నలుగురు అమ్మాయిలు కలిసి లివర్‌బర్డ్స్ అనే బ్యాండు కట్టారు. అన్ని వాయిద్యాలూ తామే వాయించారు. సొంత దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. హాంబర్గ్ స్టార్ క్లబ్‌లో మాత్రం బ్రహ్మరథం పట్టారు.

లివర్‌పూల్ 8 ప్రాంతంలో బ్రిటన్‌లోని పాత నల్లజాతి పేటల్లో ఒకటుంది. డెర్రీ విల్కీ అక్కడివాడే. హాంబర్గ్ దారి తెరిచిన తొలి బ్యాండుకు పాడింది నల్లవాడన్న సంగతి చాలా పుస్తకాల్లో ఒక వాక్యం. అదే పేటలో పుట్టిన ఛాంట్స్ అనే గాయక బృందానికి కావెర్న్‌లో బీటిల్స్ స్వయంగా వాద్యం పట్టారు. రికార్డులొచ్చినా పేరు రాలేదు. ఆ బృందంలోని ఎడ్డీ ఆమూ తర్వాత రియల్ థింగ్‌లో చేరి దశాబ్దం గడిచాక గెలుపు చూశాడు. నల్లజాతి అమెరికన్ పాటల మీద బతికిన సంగీతంలో సొంత ఊరి నల్లవాళ్లకు చోటు ఇంత తక్కువ.

వలస

1963లో లండన్ కంపెనీల మనుషులు రైలెక్కి వచ్చారు. జెర్రీ అండ్ ద పేస్‌మేకర్స్ మొదటి మూడు రికార్డులూ మొదటి స్థానానికి వెళ్లాయి. మూడోది ఇప్పటికీ లివర్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానులు ఆన్‌ఫీల్డ్‌లో పాడుకునే పాట. సెర్చర్స్, బిల్లీ జె. క్రేమర్, స్వింగింగ్ బ్లూ జీన్స్, అందరూ లండన్ దారి పట్టారు. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో బీటిల్స్‌ను సుమారు ఏడుకోట్ల ముప్ఫైలక్షలమంది చూశారు. ఊరికి గర్వం మిగిలింది. శనివారం రాత్రికి మంచి బ్యాండు మిగల్లేదు. రెండేళ్లలో లండన్‌కు కూడా మోజు తీరింది. 1966 ఫిబ్రవరిలో అప్పుల కింద కావెర్న్‌కు తాళం పడింది. జులైలో ప్రధాని హెరాల్డ్ విల్సన్ వచ్చి తిరిగి తెరిచాడు. ప్రధాని రిబ్బను కత్తిరించిన నేలమాళిగలోకి మళ్లీ పదహారేళ్లవాడు ఉత్సాహంగా దిగుతాడా అన్నది వేరే సంగతి.

ఆ అల భారతదేశాన్ని సినిమాగానూ, కాలేజీ బ్యాండుగానూ తాకింది. 1965 నాటి ‘జాన్వర్’లో బీటిల్స్ బాణీ మీద కట్టిన పాట ఉంది. అదే ఏడు ‘గుమ్‌నామ్’లో టెడ్ లయన్స్ బృందం గిటార్లు పట్టుకుని తెరమీద కనిపిస్తుంది. బెంగళూరు కుర్రాడు బిడ్డు తన ట్రోజన్స్ బ్యాండుతో కలకత్తా ట్రింకాస్‌లో వాయించి, ఇంగ్లండు వెళ్లి, 1974లో ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ నిర్మాతగా పేరు తెచ్చుకున్నాడు.

మిగిలినవి

టవర్ బాల్‌రూమ్ 1969లో కాలిపోయింది. 1973లో భూగర్భ రైలుమార్గానికి గాలిబావి తవ్వాలని కావెర్న్ పైకట్టడం కూల్చి నేలమాళిగ పూడ్చేశారు. ఆ బావి తవ్వనే లేదు. 1984లో పాత ఇటుకలు కొన్ని వాడి దాదాపు అదే చోట కొత్త కావెర్న్ కట్టారు. పర్యాటకులు చూసేది దాన్నే. మార్పు తక్కువగా నిలిచింది కాస్బా. గోడల మీది రంగులతో సహా దాన్ని 2006లో రక్షిత కట్టడంగా ప్రకటించారు.

అసలు ధ్వని ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవాళ్లకు బీటిల్స్ రికార్డులకంటే మంచి ఆధారం ఒకటుంది. 1963లో ఒరియోల్ కంపెనీ రియాల్టో బాల్‌రూమ్‌లో యంత్రాలు దించి, రోరీ స్టార్మ్, ఫారన్స్ ఫ్లమింగోస్, మార్క్ పీటర్స్, ఎర్ల్ ప్రెస్టన్, సన్నీ వెబ్ వంటివాళ్లను వరసగా పాడించి, ‘దిస్ ఈజ్ మెర్సీ బీట్’ పేరిట రెండు ఎల్పీలు తెచ్చింది. అన్నీ గొప్ప పాటలు కావు. కొన్నిచోట్ల తాళం తొందరపడుతుంది, గొంతు పైస్థాయిలో చీలుతుంది. ఎవరికి వాళ్లు తర్వాతి బీటిల్స్ మేమేనన్న ధీమాతో పాడినట్టుంటుంది. నలుగురి పేర్లే వినివిని విసిగినవాళ్లు ఫారన్స్ ఫ్లమింగోస్‌తో మొదలెట్టవచ్చు.